జీవమ్మ పేరుమీద కుర్చీ

"కుర్చీ వచ్చిందా, రాలేదా? ఒక్క మాటలో చెప్పు జీవమ్మా."

"వచ్చింది."

శివలీల కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కోపం నోటిదాకా వచ్చినప్పుడు ఆమె చేసే పని అదొక్కటే. ఈ మనిషి దొంగ కాదని నిరూపించడానికి మే నెల ఎండలో కడప నుంచి కమలాపురం దాటి ఈ ఊరిదాకా స్కూటర్ మీద వచ్చింది. తీరా వస్తే ఆ మనిషే సగం నేరం ఒప్పేసుకుంటోంది.

శివలీలది ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, కర్నూలులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరి, కూపీ లాగే విద్య అక్కడే నేర్చుకుంది. ఇప్పుడు కడపలో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ. ఏజెన్సీ అంటే ఆమె, ఆమె స్కూటర్. పారిపోయిన అల్లుళ్లను, రాత్రికి రాత్రి జరిగిన హద్దురాళ్లను వెతికిపెట్టడం అలవాటే. కుర్చీని వెతకడం మాత్రం ఇదే మొదలు. పని అప్పజెప్పింది బండల గనుల కూలీల సంఘం.

రెండేళ్ల కిందట పాలిష్ ఫ్యాక్టరీలో నిలబెట్టిన నాపబండల వరస కూలి జీవమ్మ నడుము మీద పడింది. నడుము కింద ఆమెకు స్పర్శ లేదు. కూలీల సంఘం కట్టే ఆరోగ్య బీమాలో ఇలాంటివాళ్లకు ఒక కుర్చీ రాసి ఉంది. నాలుగు చక్రాలు, నడుమ రంధ్రం, దాని కింద తీసి కడుక్కునే గిన్నె. కూర్చోబెట్టి దొడ్డికి తోసుకుపోవచ్చు. ఐదేళ్లకు ఒకటి ఇస్తారు. డబ్బు బీమా కంపెనీ నేరుగా షాపుకే కడుతుంది. జీవమ్మ అడిగితే మొదట 'ఇది సౌకర్యం, వైద్యం కాదు' అని తిప్పికొట్టారు. డాక్టరు గట్టిగా రాసిస్తే ఒప్పుకున్నారు. ఎన్నాళ్లకూ కుర్చీ రాకపోతే మళ్లీ అడిగింది. 'మార్చిలోనే ఇచ్చేశాం. రెండోది అడగడం మోసం' అన్నారు.

అన్నది కంపెనీ క్లెయిమ్ ఆఫీసర్ సుందరం. ఈ సాయంత్రం ఐదుకు అతని రిపోర్టు పైకి పోతుంది. అది పోతే కార్డు రద్దు. కార్డు రద్దయితే రేపు పొద్దున కడపలో జరగాల్సిన పుండు ఆపరేషన్ లేదు.

జీవమ్మ మంచం మీద బోర్లా పడుకుని, దిండు మీద గడ్డం ఆనించి మాట్లాడుతోంది. పుండు పిరుదుల నడుమ ఎముకదాకా దిగింది. అవసరానికి తప్ప కూర్చోనే కూడదని డాక్టరు చెప్పాడు.

"వచ్చిన కుర్చీ యాడుండాది మరి?" అంది శివలీల.

"పోయింది."

"కాళ్లొచ్చి పోయిందా?"

"చక్రాలుండాయి కదక్కా," అంది జీవమ్మ. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి శివలీలకు ఇంకాస్త చికాకు పెరిగింది.

తలుపు దగ్గర నిలబడ్డ భర్త ఏసురాజు అందుకున్నాడు. "సాంపిల్ అని చెప్పినారు మేడమ్. కూచోబెట్టి చూసినారు, ఒడ్డూ పొడుగూ సరిపోతాదా అని. ఫోటో తీసుకున్నారు. నీ కొలతకు అసలుది తెస్తాం అని ఎత్తకపోయినారు. టైలరు కొలతలు తీసుకున్నట్టే అనుకుంటిమి."

"కంపెనీ నుంచి ఫోన్ వచ్చిందంట. దానికేం చెప్పినావు?"

"కుర్చీ వచ్చిందామ్మా అన్నాడు సారు. వచ్చింది సార్ అన్నా," అంది జీవమ్మ. "సంతోషం అని పెట్టేసినాడు. ఉండాదా అని అడగలే. ఆ పొద్దు ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరయ్య ఉండాడు, మా మామ ఉండాడు, ఊళ్లోవాళ్లు ఉండారు. దొడ్డికి కూచునే కుర్చీ గురించి అంతమందిలో నేనేం మాట్లాడేది?"

శివలీల కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ఒక ఫోన్ కాల్, ఒక సిగ్గు. ఈ దేశంలో సగం రిపోర్టులు ఇలాగే తయారవుతాయి.

"కూచున్నప్పుడు ఎట్లుండె?"

"మెత్తగా ఉండె. మహారాణి మాదిరి కూచున్నా. కాకుంటే ఎడమ పక్క బ్రేకు పడలే. జర్రున జారింది. ఈయప్ప పట్టుకోకుంటే గోడకు గుద్దుకుందును. ఆ భయానికి రోంతసేపు బెదరి చూస్తా ఉంటి. ఫోటోలో నా మొగం చూడు, దెయ్యం పట్టినట్టుంటాది."

"ఇప్పుడు యాడికి పోతాండావు?"

జీవమ్మ మొహం దిండువైపు తిప్పుకుంది. జవాబు ఏసురాజు చెప్పలేదు, చూపించాడు.

పెరట్లో తడికల చాటున రెండు నాపబండలు. వాటి నడుమ జానెడు సందు, కింద గుంత. శివలీల మోకాళ్ల మీద కూర్చుని బండల అంచు మీద బొటనవేలు రాసింది. వేలు చిట్లలేదు గానీ గీత పడింది. స్పర్శ ఉన్నవాళ్లయితే ఆ అంచు మీద ఒక్క నిమిషం కూర్చోలేరు. జీవమ్మకు స్పర్శ లేదు. ఏసురాజు ఆమెను ఎత్తుకొచ్చి, చంకల కింద చేతులు వేసి, పని అయ్యేదాకా అలాగే పట్టుకుంటాడు. ఒక బండ అంచుకు పాతగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద మరక ఉంది.

"ఆ బండలు యాడివి?"

"ఆ ఫ్యాక్టరీవే," అన్నాడు ఏసురాజు. "దెబ్బతగిలిన పొద్దు పగిలిన ముక్కలు ఎత్తకపొమ్మన్నారు. మామూలుగా అయితే ముక్క కూడా ఊరికే ఇయ్యరు గదా, మేం తెచ్చుకున్నాం."

శివలీల నీడకు వచ్చి ఫోన్ తీసింది. మార్చి నెలలో షాపు ఇచ్చామని చెప్పుకున్న కుర్చీల ఫోటోలు సంఘం వాళ్లు పోట్లాడి తెప్పించారు. జీవమ్మ ఫోటోను ఆమె పొద్దున్నుంచి చూస్తూనే ఉంది. కుర్చీలో జీవమ్మ, బెదిరిన కళ్లు, వెనక గోడకు బైబిల్ వాక్యం రాసిన క్యాలెండర్. కంపెనీకి కావలసింది మొహం, కుర్చీ, ఇల్లు. మూడూ ఉన్నాయి. కంపెనీ కళ్లతో చూస్తే అందులో ఇంకేమీ లేదు. తన తల్లి కళ్లతో చూద్దామని శివలీల ఫోటోను పెద్దది చేసింది.

కుర్చీ చేతి మీద పసుపు. పసుపు నడుమ కుంకుమ బొట్టు. వెనక తోసే పిడుల్లో ఎడమదానికి ఎర్రదారం ముడి.

"జీవమ్మా, ఈ బొట్టు ఎవరు పెట్టినారు?"

"మేం బొట్టు మనుషులకే పెట్టుకోం గదక్కా, కుర్చీకి యాల పెడతాం? దాంతోనే వచ్చింది. షాపోళ్లు పెట్టింటారులే అనుకుంటి."

శివలీల దానికి ముందు తీసిన ఫోటో తెరిచింది. ఒంటిమిట్ట దగ్గర మాధవరం. కుర్చీలో కాశన్న అనే ముసలాయన, పక్షవాతం. కొడుకు గనిలో పనిచేస్తాడు కాబట్టి తండ్రికీ పాలసీ వర్తిస్తుంది. వెనక మగ్గం. కుర్చీ చేతి మీద అదే పసుపు, అదే బొట్టు, పిడికి అదే ఎర్రదారం. మగ్గం మీద సగం నేసిన చీర అంచు కూడా ఎరుపే.

ఫోటో కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది కాశన్న భార్య సుబ్బక్క.

"అవ్వా, నేను కంపెనీ మనిషిని కాదు. నీ మాదిరి మగ్గాల ఇంటిదాన్నే. మీ కుర్చీకి పసుపు పెట్టింది నువ్వేనా?"

"నేనే. ఇంట్లోకి కొత్త ఇనుము వస్తే ఉత్తచేతుల్తో ముట్టుకుంటామా? మగ్గానికి పెట్టినాం, సైకిలుకు పెట్టినాం, దీనికీ పెట్టినా. మగ్గం మీది పడుగు దారం తెంచి పిడికి కట్టినా, ఆయప్ప జారిపడకుండా."

"దొడ్డికి కూచునే కుర్చీకి పూజేందవ్వా?"

"నగుతాండావా? నగు. ఆ మనిషిని మంచంలో ఎత్తి ఎత్తి నా నడుం పోయింది. నన్ను ఆదుకునేదానికి పసుపు పెట్టకుంటే ఇంక దేనికి పెట్టేది? అయినా దండగ అయిపాయెలే. ఫోటో పట్టుకొని, సాంపిల్ అని, ఎత్తకపాయిరి. పసుపు పాయె, దారం పాయె, కుర్చీ పాయె."

శివలీల ఫోన్ పెట్టేసి చాలా రోజుల తర్వాత తృప్తిగా ఊపిరి తీసుకుంది. ఒకటే కుర్చీ. పెళ్లిచూపులకు అరువు తెచ్చుకున్న నగలా ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో ఒక ఫోటో, ప్రతి ఫోటోకు ఒక బిల్లు.

ఆ తృప్తిలోనే ఒక తప్పు చేసింది. అక్కడినుంచే సుందరానికి ఫోన్ చేసింది.

"సార్, జీవమ్మ ఫోటోలో కుర్చీకి పసుపు బొట్టు ఉంది. ఆమె క్రిస్టియన్. ఆ బొట్టు మాధవరంలో పెట్టింది. ఒకే కుర్చీ చూపించి అందరికీ బిల్లు చేసినారు. మీ రిపోర్టు ఆపండి."

"బొట్టా?" అన్నాడు సుందరం.

"బొట్టే."

"సరే మేడమ్. ఐదు దాకా ఆగుతాను. షాపుకు రండి, ఓనరు ముందే మాట్లాడుకుందాం."

దారం సంగతి ఆమె చెప్పలేదు. అనుమానం ఉండి కాదు. రెండు కాయలుంటే ఒకటి గుప్పిట్లో ఉంచుకోవడం ఎమ్మిగనూరు సంతలో నేర్చుకున్న అలవాటు.

* * *

కడపలో ఆ సర్జికల్ షాపు ఓనరు పేరు మునీంద్ర. నుదుట విభూది, మెడలో రుద్రాక్ష, మాటకు ముందు నవ్వు. శివలీలను చూడగానే కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పిస్తానన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆమె చూపు గోడవారగా నిలబెట్టిన కుర్చీల మీద నిలిచిపోయింది.

కమోడ్ కుర్చీలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని చేతి మీద పసుపు. పసుపు నడుమ కుంకుమ బొట్టు. ఏ కుర్చీ చూసినా అదే అలంకారం. పక్కనున్న చంకకర్రలకు లేదు. ఆక్సిజన్ సిలిండర్లకు లేదు. మామూలు చక్రాల కుర్చీలకు కూడా లేదు. దొడ్డికి కూర్చునే కుర్చీలకు మాత్రం పేరంటానికి పోతున్నట్టు ముస్తాబు.

"మా ఇంటామె భక్తి మేడమ్," అన్నాడు మునీంద్ర. "సరుకు దిగిందంటే బొట్టు పెట్టాల్సిందే. బొట్టు లేకుండా మా షాపులోంచి కుర్చీ గడప దాటదు."

"ఎప్పుడు పెట్టింది?"

"పొద్దన్నే. మంగళవారం గదా."

శివలీల ఒక కుర్చీ చేతి మీద వేలితో రాసింది. వేలు పచ్చగా అయింది. రెండో కుర్చీ మీద రాసింది. అదీ పచ్చనే. వేలు మునీంద్ర ముక్కు దగ్గర పెట్టింది.

"ఈ ఎండకు వడియాలు గంటలో పెళపెళలాడతాండాయి. పొద్దన్నే పెట్టిన పసుపు ఇంకా తడిగానే ఉండాది. మీ ఇంటామె పసుపు శానా గొప్పదప్పా. యాడ కొంటాది?"

మునీంద్ర నవ్వు ఆగలేదు గానీ కదలడం మానేసింది. అప్పుడే సుందరం లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు పట్టీ, కళ్ల కింద నల్లటి వలయాలు.

"తడి పసుపు నేరం కాదు శివలీల గారూ," అన్నాడు వస్తూనే.

"తడి గురించి మీకెట్లా తెలిసింది? నేనిప్పుడే రాసి చూసినా."

సుందరం ఒక్క క్షణం తడబడ్డాడు. "మీ వేలు చూస్తే తెలుస్తోంది. అసలు విషయం మాట్లాడుకుందాం. అన్ని కుర్చీలకూ బొట్టు ఉంటే, జీవమ్మ కుర్చీకీ ఉంటుంది. మీ సాక్ష్యం అక్కడితో అయిపోయింది. ఇంకేమైనా ఉందా?"

"ఉంది. మాధవరం అవ్వ ఉండాది. తన చేత్తో పెట్టినానంటుంది."

"ఫోటో దిగి, ఫోన్లో వచ్చిందని చెప్పి, తర్వాత రాలేదనే మనుషులు నాకు వారానికి ఇద్దరు తగులుతారు. కుర్చీ అమ్ముకుంటారు, మళ్లీ అడుగుతారు. నేను నమ్మాల్సింది రికార్డును."

"ఆమెకు ఎముక కనపడతాండాది సార్. కుర్చీ అమ్ముకునే మనిషి నాపబండల మీద కూచుంటాదా? మీరు పోయి చూసినారా?"

"ఫోన్లో వెరిఫై చేశాను. రూల్ ప్రకారం అది చాలు."

"ఇది సౌకర్యం, వైద్యం కాదు అని మొదట రాసింది మీరేనా?"

"పాలసీ రాసింది."

"పాలసీకి చెయ్యి ఉండదు సార్. మీకుంది."

సుందరం మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి పక్కకు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆఫీసు తెలుగు గొంతులోంచి జారిపోయి ఇంటి తెలుగు బయటికి వచ్చింది.

"ఆ... కూచోబెట్టు. ముందు ఎడమ చక్రం కింద రాయి పెట్టు, జారతాది. లేదు, రాయి పెట్టినంకనే కూచోబెట్టు. ఆమె తొందరపెడితే నువ్వు తొందరపడొద్దు."

ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగాడు.

"అమ్మగారా?" అంది శివలీల మామూలుగా.

"వయసు," అన్నాడు అతను. "ఐదు దాకా టైముంది. కుర్చీ అమ్ముకోలేదని రుజువు తెండి, చూద్దాం."

ఆమె చుట్టూ చూసింది. మునీంద్ర లేడు. ఎప్పుడు జారుకున్నాడో గమనించలేదు. కుర్చీల వరసలో ఒకచోట సందు కనపడుతోంది. ఇందాక అక్కడ కుర్చీ ఉందో లేదో ఆమెకు గుర్తు రాలేదు. బుర్ర నిండా ఎడమ చక్రమే తిరుగుతోంది.

బయట స్కూటర్ సీటు పెనంలా కాలుతోంది. కొంగు పరుచుకుని కూర్చుని, విషయాన్ని వరసగా పేర్చుకుంది. బొట్టు సంగతి ఫోన్లో సుందరానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అయినా షాపులో కుర్చీలన్నిటికీ బొట్లు వెలిశాయి. దారం సంగతి సుందరానికి చెప్పలేదు. షాపులో ఒక్క కుర్చీకీ దారం లేదు. అంటే మునీంద్ర చెవిలో పడింది ఆమె సుందరానికి చెప్పినంతే. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఇక అతని ఇంట్లో ఎడమ చక్రం నిలబడని కుర్చీ ఒకటి ఉంది.

* * *

సుందరం ఇల్లు ఆమెకు తెలుసు. పోయినేడు ఒక క్లెయిమ్ గొడవలో సంతకం కోసం పోతే, ఆదివారం అని చెప్పి వాకిట్లోనే నిలబెట్టాడు. ఈసారి తలుపు తీసింది పనిమనిషి.

"అవ్వ కుర్చీ మీద ఉండాది. అయ్యిందాక రోంత కూచోండి."

శివలీల వరండాలో కూర్చుంది. లోపల తలుపు వెనక నుంచి ముసలి గొంతు ఎవరినో తిడుతోంది, ఆపై దేవుణ్ని పిలుస్తోంది, మళ్లీ తిడుతోంది. గోడ గడియారం ముల్లు నాలుగు దాటిపోతోంది. తలుపు తట్టి లోపలికి దూరిపోవచ్చు. కానీ ఆ తలుపు వెనక జరిగే పనికి ఎవరైనా సరే తలుపు ఉండాలి. పొద్దున తడికల చాటున నిలబడి ఆమె మనసులో అనుకున్నది అదే. ఇక్కడికి వచ్చి మాట తప్పడం కుదరదు. చికాకుగా కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

చివరికి పనిమనిషి పిలిచింది. కుర్చీలో గుప్పెడు మనిషి, తెల్లటి జుట్టు, ఒళ్లో తువాలు. ఆమె భీమమ్మ, సుందరం తల్లి. ఎడమ చక్రం కింద రాయి ఉంది. కుర్చీ చేతి మీద బొట్టు లేదు, తోమితోమి కడిగిన పసుపు చాయ మాత్రం మిగిలింది. ఎడమ పిడికి ఎర్రదారం ముడి. రంగు కాస్త వెలిసింది, అంతే.

"ఎవురమ్మా నువ్వు?"

"సుందరం సారుతో పని ఉండి వచ్చినా అవ్వా. కుర్చీ బాగుండాదే."

"నా కొడుకు తెచ్చినాడు," అంది భీమమ్మ. "వాళ్ల ఆఫీసు కార్డులో అమ్మానాయనలకు ల్యాదంట. ఊరందరికీ వీడే ఇప్పిస్తాడు, నాకు ల్యాదు. అట్లుంటాది మన రాత. మంచంలోనే అన్నీ. పిల్లోడు రాత్రిళ్లు లేచి గుడ్డలు మార్చి, పొద్దన్నే మళ్లీ ఆఫీసుకు. కడాకు ఎవర్నో అడిగి తెచ్చినాడు. బ్రేకు పాడైనా పర్వాలేదులే అన్నా."

గనిలో రాళ్లు కొట్టేవాడి తండ్రికి వర్తించిన పాలసీ, ఆ పాలసీకి కాపలా కాసేవాడి తల్లికి వర్తించలేదు. శివలీలకు అతని మీద కోపం తగ్గలేదు. కానీ ఆ కోపాన్ని నిలబెట్టుకోవడానికి ఇందాకటికంటే ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది.

"ఈ దారం ఎవరు కట్టినారవ్వా?"

"దాంతోనే వచ్చింది. తెంపేస్తానన్నాడు మావాడు. ఎవరో ఆడది మొక్కుకొని కట్టినట్టుండాది, ముట్టుకోవద్దు అన్నా."

"ముట్టుకోకపోవడమే మంచిదైంది," అంది శివలీల.

వాకిట్లో బండి ఆగింది. సుందరం గుమ్మంలోనే నిలబడిపోయాడు. శివలీలను చూశాడు, దారాన్ని చూశాడు, తల్లిని చూశాడు.

"అమ్మ ముందు వద్దు," అన్నాడు మెల్లగా.

"జీవమ్మను వాళ్ల మామ ముందర అడిగినారు గదా సార్."

"ఏందిరా?" అంది భీమమ్మ. "జీవమ్మ ఎవురు?"

శివలీల ముసలామె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఈ కుర్చీ ఆమె పేరు మీద వచ్చింది అవ్వా. ఆమెకు నడుము పోయింది. కూచోబెట్టి ఫోటో తీసుకొని, ఎత్తకపోయినారు. అట్లా శానా ఇండ్లు తిప్పి, కడాకు ఈడికి చేరింది."

"మునీంద్ర ఊరికే ఇచ్చాడు," అన్నాడు సుందరం. "పాత కుర్చీ, బ్రేకు పోయింది, పారేస్తాను అన్నాడు. నేను తీసుకున్నాను. ఫోటోల సంగతి నాకు తర్వాతే తెలిసింది. తెలిసేటప్పటికి అమ్మ దీని మీద కూర్చుని ఉంది."

"తెలిసినంక ఆపినారా?"

"ఆపితే ఇది ఎక్కడిదని అడుగుతారు."

భీమమ్మ కొడుకు వంక చాలాసేపు చూసింది. తిట్టలేదు. శివలీల వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "ఆయమ్మ ఇప్పుడు దేని మీద కూచుంటాండాది?"

"రెండు నాపబండల మీద."

ముసలామె ఒళ్లోని తువాలును మడతపెట్టింది. మళ్లీ విప్పింది. "సుందరా, నన్ను దించు."

"అమ్మా..."

"దించురా. ఈ కుర్చీ ఆయమ్మకు ఇచ్చిరాపో. నాకు నీ చేతులుండాయి. ఆయమ్మకు ఎవురుండారో ఏమో."

సుందరం కదల్లేదు. శివలీల లేచింది. "ఇంకా ఐదు కాలేదు సార్. రిపోర్టు మార్చండి. మిగతాది మనం తర్వాత చూసుకుందాం."

"రిపోర్టు లేదు," అన్నాడు అతను.

"అంటే?"

"మూడింటికే పంపేశాను. మీరు షాపుకు వచ్చేసరికే కార్డు రద్దయిపోయింది."

శివలీల చేయి కళ్లజోడు దాకా పోయి ఆగిపోయింది. ఈసారి తుడుచుకోవడానికి కూడా ఓపిక రాలేదు. షాపులో అంతసేపు ఐదు, ఐదు అని అతను లెక్కపెట్టించింది ఎందుకో, కుర్చీల వరసలో ఆ సందు ఎందుకో అప్పుడు అర్థమైంది. మునీంద్రకు టైము కావాలి. దేనికి?

ఆ జవాబు ఆమె ఫోన్లోనే మోగింది. ఏసురాజు.

"మేడమ్, షాపాయన వచ్చినాడు. కొత్త కుర్చీ తెచ్చినాడు, నిగనిగలాడతాండాది. మార్చి నెల తేదీ ఏసిన కాగితం మీద జీవమ్మ ఏలిముద్ర అడుగుతాండాడు. ముద్ర ఏస్తే ఇది మీదే, గొడవుండదు అంటాండాడు."

శివలీల స్పీకర్ నొక్కింది. గదిలో అందరికీ వినపడేట్టు అడిగింది. "ముద్ర ఏసిందా? ఏస్తే మార్చిలోనే కుర్చీ ఇంట్లో ఉన్నట్టు అప్పా. ఆమె దొంగ అయిపోతుంది. కుర్చీ ఎక్కనీయొద్దు. ఫోటో తీయనీయొద్దు."

"ఎక్కేసినాది మేడమ్. నాతోనే ఎత్తించుకొని కూచున్నాది. నేను ఎంత చెప్పినా ఇనలే."

"ఫోన్ ఆమెకియ్యి."

అవతల గలాటా. మునీంద్ర గొంతు, ఈసారి నవ్వు లేకుండా. "లెయ్ మే. ముద్ర ఏయకుంటే కుర్చీ ల్యాదు. దిగు. దింపప్పా ఆమెను." ఏదో ఇనుము గోడకు తగిలిన చప్పుడు. ఆ చప్పుడు మధ్య జీవమ్మ గొంతు దగ్గరికి వచ్చింది, ప్రశాంతంగా.

"అక్కా, ముద్ర ఏయలే. రెండు చేతులూ గుప్పిట్లు బిగించుకొని కూచున్నా. పోయినసారి దిగమంటే దిగితి, ఎత్తకపోయిరి. ఈసారి నేను దిగితేనే గదా ఎత్తకపోయేది."

"జీవమ్మా, నువ్వు కూచోకూడదు. ఎంతసేపయింది?"

"శానాసేపైంది. నాకు నొప్పి తెలీదు గదా, ఎంతసేపైనా కూచుంటా. కుర్చీ ఉండాది, కాగితం ఉండాది, ఈయప్పా ఉండాడు. మా తమ్ముళ్లు తలుపుకాడ నిలబడిండారు. నువ్వొచ్చి అన్నీ ఒక్కతావే చూసుకో."

సుందరం తల్లి దగ్గరికి వెళ్లి వంగాడు. చంకల కింద చేతులు వేసి ఒడుపుగా, రోజూ చేసేవాడిలా, పైకెత్తాడు. కుర్చీ ఖాళీ అయింది. శివలీల ఎడమ చక్రం కింద రాయిని కాలితో తన్నేసి, కుర్చీని వాకిలివైపు తోసింది. స్పీకర్ ఆపి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"వస్తాండా. గంటలో ఆడుంటా. దిగు తల్లీ, మంచం మీదికి పో."

"దిగను," అంది జీవమ్మ. కాసేపాగి, గొంతు తగ్గించి, మొగవాళ్లకు వినపడకుండా చెప్పింది. "రోంత బిరీన రా అక్కా. గిన్నెలో బొట్టుబొట్టుగా ఏదో పడతాండే చప్పుడైతాండాది. నేనైతే ఒంటికి పోలే."